డిపార్చర్: వెళ్ళడంలో దాగిన విడిపోవడం

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ వార్షిక నివేదికను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తున్నప్పుడు నాకొక వాక్యం ఎదురైంది. ఆ ఏడాది మొదలుపెట్టిన కొత్త విధానం, అంతకుముందున్న పద్ధతి నుంచి ఒక ‘డిపార్చర్’ అని ఆ వాక్యం చెబుతోంది. నేను పెద్దగా ఆలోచించకుండా, నిఘంటువులో మొదట కనిపించిన ‘నిష్క్రమణ’ అనే మాటను అక్కడ పెట్టి ముందుకు సాగిపోయాను. ముద్రణకు ముందు ఆ ప్రతిని చదివిన పెద్దాయన ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి, అంచున ‘ఎవరు వెళ్ళిపోయారు?’ అని మాత్రం రాసి తిప్పి పంపారు. మాట తప్పు అని అర్థమైంది గాని, ఎందుకు తప్పో వెంటనే తెలియలేదు. బండి బయలుదేరడానికీ, ఒక పద్ధతిని కాదని మరో దారి పట్టడానికీ ఇంగ్లీషువారికి ఒకే మాట ఎలా సరిపోయిందన్న ప్రశ్న అప్పటి నుంచీ నా వెంటే ఉంది. ఆ ప్రశ్న వెంబడి వెళ్ళి నేను తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ఆ మాట మూలం చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. ‘డిపార్చర్’ ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడి ‘దెపార్తిర్’ అనే క్రియకు విభజించడం, వేరుపడడం అనేవి తొలి అర్థాలు; దాని వెనుక లాటిన్‌లో ‘భాగం’ అనే అర్థమున్న ‘పార్స్’ ఉంది. మనం నిత్యం వాడే ‘డిపార్ట్‌మెంట్’ కూడా ఈ క్రియ నుంచే పుట్టింది. ఆ మాటను ‘విభాగం’ అని తెలుగు చేసినప్పుడు దాని మూలార్థాన్నే మనం పట్టుకున్నాం. అంటే డిపార్చర్‌లో మొదట ఉన్నది నడక కాదు, విడిపోవడం. ఒకచోట కలిసి ఉన్నవాటిలో ఒకటి వేరుపడితే అది డిపార్చర్. వేరుపడినది మనిషైతే అతడు వెళ్ళాడంటాం, విధానమైతే అది దారి మారిందంటాం.

ఈ పాత అర్థం ఇంగ్లీషులో ఎంతకాలం బతికిందో చెప్పడానికి ఒక మంచి సాక్ష్యం ఉంది. ఇంగ్లండు చర్చి 1549లో వెలువరించిన ప్రార్థనల గ్రంథంలో, పెళ్ళిలో వధూవరులు చేసే ప్రమాణం ‘టిల్ డెత్ అజ్ డిపార్ట్’ అని ఉండేది. మృత్యువు మనలను వేరుచేసేదాకా అని దాని భావం. అక్కడ ‘డిపార్ట్’ అంటే వేరుచేయడమే, వెళ్ళడం కాదు. కాలం గడిచేకొద్దీ ఆ అర్థం జనానికి అందకుండా పోయింది. 1662 నాటి ప్రతిలో ఆ వాక్యాన్ని ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ అని సవరించారు. ‘డిపార్ట్’ అన్న ఒక్క మాటను ‘డూ పార్ట్’ అని రెండుగా విడగొట్టి అర్థాన్ని కాపాడుకున్నారు. వేరుచేయడాన్ని చెప్పే మాటనే వేరుచేసి నిలబెట్టిన ఆ సవరణ నాకు ఎంతో ఇష్టం.

తెలుగులో దీనికి చాలా దగ్గరగా ఉన్న మాట ‘వీడ్కోలు’ అని నా అభిప్రాయం. ‘వీడు’ అంటే విడివడడం, వదలడం. దాని నుంచి ‘వీడుకొను’, ఆ తరువాత ‘వీడుకోలు’, చివరికి ‘వీడ్కోలు’ వచ్చాయి. ‘బయలుదేరు’ అనే మాటలో మాత్రం వేరుపడడం లేదు. ‘బయలు’ అంటే ఆరుబయట కాబట్టి అందులో ఉన్నది లోపలి నుంచి బయటికి రావడం. ఈ రెండింటినీ ఒకే ఇంగ్లీషు మాటకు పర్యాయాలుగా నిఘంటువులు ఒకదాని పక్కన ఒకటి పెట్టడం వల్లనే నాలాంటివారు పొరబడుతుంటారు.

ఇక నేటి వాడుకకు వస్తే, డిపార్చర్ అన్నింటికంటే ఎక్కువగా కనిపించే చోటు ప్రయాణాల సమయపట్టిక. అక్కడ ఆ మాటకు రాగద్వేషాలు లేవు. ఎవరు వెళుతున్నారు, ఎందుకు వెళుతున్నారు, ఎవరిని వదిలి వెళుతున్నారు అన్న ప్రశ్నలేవీ దానికి పట్టవు. ఏ గడియకు, ఏ ద్వారం నుంచి అన్నదే దానికి కావలసింది. విమానయానంలో ఈ ఖచ్చితత్వం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. పట్టికలో రాసిన డిపార్చర్ సమయం విమానం గాలిలోకి లేచే సమయం కాదు. అది నిలిచి ఉన్న చోటు నుంచి కదిలే సమయం. గాలిలోకి లేవడానికి ‘టేకాఫ్’ అనే మాట వేరుగా ఉంది. అందువల్ల విమానం సమయానికే డిపార్చర్ అయిందని నమోదై ఉండి, రన్‌వే దగ్గర వరుసలో చాలాసేపు ఆగి ఉండడం సాధ్యమే. లోపల కూర్చున్న ప్రయాణికుడికి ఇది అన్యాయంగా తోచవచ్చు గాని, మాట మూలార్థానికి లెక్క సరిగ్గానే ఉంది. విమానం తన చోటు నుంచి వేరుపడింది.

ఇదే కారణంగా డిపార్చర్ అనే మాటను ఇంట్లో, స్నేహితుల మధ్య వాడితే కృతకంగా వినిపిస్తుంది. ‘నీ డిపార్చర్ ఎప్పుడు?’ అని అడిగితే ప్రయాణం ఏర్పాట్ల గురించి అడిగినట్టు ఉంటుంది. ‘వెన్ ఆర్ యూ లీవింగ్?’ అంటే మనిషిని అడిగినట్టు ఉంటుంది. ‘లీవింగ్’, ‘గోయింగ్’ అనేవి నోటి మాటలు. డిపార్చర్ కాగితం మీది మాట. ఒక ఉన్నతోద్యోగి పదవి వదిలాడని సంస్థ ప్రకటించేటప్పుడు డిపార్చర్‌నే ఎంచుకోవడం కూడా ఇందుకే. రాజీనామా అని చెబితే అతడే వెళ్ళాడని తేలుతుంది, తొలగింపు అని చెబితే పంపించారని తేలుతుంది. డిపార్చర్ అంటే ఆ రెండూ తేలవు. వార్త చదివేవారు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగడం మంచిది.

ఈ నామవాచకానికి ముందు చేరే విశేషణాలను గమనిస్తే, ఏ అర్థంలో వాడారో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. కాలాన్ని చెప్పే విశేషణాలు, అంటే ‘సడన్’, ‘ఎర్లీ’, ‘ఇమినెంట్’, ‘డిలేయ్డ్’ వంటివి ముందుంటే అది వెళ్ళడం. పరిమాణాన్ని చెప్పేవి, అంటే ‘రాడికల్’, ‘మార్క్‌డ్’, ‘సిగ్నిఫికెంట్’ వంటివి ముందుంటే అది దారి మారడం. ‘సడన్ డిపార్చర్’ అంటే హఠాత్తుగా వెళ్ళిపోవడం. ‘రాడికల్ డిపార్చర్’ అంటే పాతదానికి పూర్తిగా భిన్నమైన పోకడ. నేను తప్పు చేసిన వాక్యంలో కూడా ‘మార్క్‌డ్’ అనే విశేషణం ఉంది. అది చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

విభక్తుల వంటి ప్రిపొజిషన్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వదిలే చోటుకు ‘ఫ్రమ్’ వాడాలి, చేరబోయే చోటుకు ‘ఫర్’ వాడాలి. తెలుగులో ‘ఊరికి బయలుదేరడం’ అంటాం కాబట్టి ఆ ‘కి’ని అనుసరించి చాలామంది ‘డిపార్చర్ టు’ అని రాస్తారు. అర్థం అందుతుంది గాని, ఇంగ్లీషులో స్థిరపడిన వాడుక ‘డిపార్చర్ ఫర్’. రెండో అర్థంలో మాత్రం ‘ఫర్’కు చోటు లేదు, సంప్రదాయం నుంచి, నియమం నుంచి, అలవాటు నుంచి అంటూ ఎప్పుడూ ‘ఫ్రమ్’ మాత్రమే వస్తుంది. వేరుపడిన చోటే ఆ అర్థానికి ముఖ్యం. ఎక్కడికి చేరిందన్నది తరువాతి సంగతి.

పర్యాయపదాల్లో డిపార్చర్‌కు దగ్గరగా కనిపిస్తూనే చాలా దూరంగా ఉండేది ‘ఎగ్జిట్’. అది మొదట నామవాచకం కాదు, ఒక లాటిన్ క్రియారూపం. ‘అతడు వెలుపలికి వెళుతున్నాడు’ అనే పూర్తి వాక్యం ఆ ఒక్క మాటలో ఉంది. నాటక ప్రతుల్లో పాత్ర రంగం నుంచి తప్పుకోవాలని సూచించడానికి దానిని రాసేవారు. వెళ్ళేవారు ఒకరికంటే ఎక్కువైతే ‘ఎగ్జియంట్’ అనే బహువచన రూపం వాడేవారు, నేటికీ వాడుతున్నారు. సంస్కృత నాటకాల్లో ‘నిష్క్రాంతః’ అనీ, అంకం చివర ‘ఇతి నిష్క్రాంతాః సర్వే’ అనీ రాయడం తెలిసినవారికి ఈ రెండు భాషల రంగస్థల సంప్రదాయాలు ఎంత దగ్గరగా నడిచాయో వేరే చెప్పనక్కర లేదు. కాబట్టి ‘నిష్క్రమణ’ నిజానికి ఎగ్జిట్‌కు సరిజోడు, డిపార్చర్‌కు కాదు. ఎగ్జిట్‌కు ఒక గడప కావాలి. లోపల, వెలుపల అనే రెండు ప్రదేశాలు కావాలి. అందుకే అది తలుపు మీద రాసే మాటగా మారింది, రహదారి నుంచి పక్కకు దిగే దారికి పేరైంది, కంప్యూటర్ తెర మీద బొత్తామైంది. డిపార్చర్‌కు గడప అక్కరలేదు. రేవు నుంచి పడవ వేరుపడినా, నడుస్తున్న ఇద్దరిలో ఒకరు పక్కదారి పట్టినా చాలు.

‘లీవ్’ కథ ఇంకా ఆసక్తికరమైనది. ఒకే రూపంలో కనిపిస్తున్నా ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు మాటలు. వదిలి వెళ్ళడాన్ని చెప్పే క్రియ ప్రాచీన ఇంగ్లీషులో ‘వెనుక మిగిలి ఉండేలా చేయడం’ అనే అర్థంతో ఉండేది. అంటే ఆ క్రియ చూపు వెళ్ళేవాడి మీద లేదు, మిగిలిపోయిన దాని మీద ఉంది. వీలునామాలో ఆస్తి వదిలి వెళ్ళడానికీ, భోజనంలో కొంత మిగల్చడానికీ, ఇల్లు విడిచి వెళ్ళడానికీ అదే క్రియ సరిపోవడం ఇందువల్లనే. రెండో ‘లీవ్’ నామవాచకం. దాని అర్థం అనుమతి. ‘టేక్ లీవ్’ అంటే వెళ్ళడానికి అనుమతి తీసుకోవడం. ఉద్యోగి పెట్టుకునే లీవు కూడా రాకుండా ఉండడానికి పొందే అనుమతే.

ఇక్కడ తెలుగు ‘సెలవు’ను తలచుకోకుండా ఉండలేను. సెలవు అంటే అనుమతి, సెలవు అంటే పని లేని రోజు, సెలవు అంటే వీడ్కోలు. ‘సెలవు తీసుకుంటాను’ అనే వాక్యం ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదమని కొందరు అనుకుంటారు గాని, దానికి ఆ అవసరం లేదు. వెళ్ళేవాడు ఉన్నవారి అనుమతి కోరడమనే ఊహ రెండు భాషల్లోనూ ఒకే మాట చుట్టూ అల్లుకుంది. పైగా తెలుగులో పెద్దవారు మాట్లాడడాన్ని కూడా ‘సెలవిచ్చారు’ అంటాం. ఒక్క మాటలో ఆజ్ఞ, అనుమతి, విరామం, వీడ్కోలు ఇమిడిపోయాయి. ‘లీవ్’కు ఇంత విస్తృతి లేదు.

ఈ పర్యాయపదాలన్నీ ఒకే సంఘటన మీద వాలిన సందర్భం మన కాలంలోనే జరిగింది. 2016 జూన్ 23న బ్రిటన్‌లో యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలా వద్దా అని జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటరు ముందున్న రెండు ఎంపికలు ‘రిమెయిన్’, ‘లీవ్’ అనేవి. ఉండడం, వదలడం అనే ఇంటిమాటలు అవి. చదువుతో పని లేకుండా ఎవరికైనా అందుతాయి. 51.9 శాతం మంది ‘లీవ్’ వైపు నిలిచారు. పత్రికల్లో, జనం నోళ్ళలో స్థిరపడిన పేరు మాత్రం ‘బ్రెగ్జిట్’. అందులో ఉన్నది తలుపు. గ్రీసు యూరో నుంచి బయటపడవచ్చునన్న చర్చలో 2012లో పుట్టిన ‘గ్రెగ్జిట్’ ఒరవడిలో అది వచ్చింది. చట్టం ఈ రెండు మాటలనూ పక్కన పెట్టి ‘విత్‌డ్రాయల్’ అంటుంది. యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణం సభ్యదేశం ‘విత్‌డ్రా’ కావచ్చునని చెబుతుంది. ఇరుపక్షాలూ కుదుర్చుకున్న పత్రం పేరు ‘విత్‌డ్రాయల్ అగ్రిమెంట్’. ఇచ్చిన మాటను, చేసిన సంతకాన్ని వెనక్కి తీసుకోవడం అందులోని భావం. 2020 జనవరి 31 రాత్రి ఆ ప్రక్రియ ముగిసినప్పుడు, ఏ పక్షమూ వహించకుండా చెప్పదలచుకున్న విలేకరులు తరచుగా ఎంచుకున్న మాట ‘డిపార్చర్’. సంఘటన ఒక్కటే, ఓటరు చేతిలో అది వదలడం, పత్రికలో బయటికి నడవడం, చట్టంలో ఉపసంహరణ, వార్తలో కేవలం వెళ్ళడం. పర్యాయపదాలు ఒకదాని బదులు ఒకటి వాడుకునేవని బడిలో నేర్చుకున్న పాఠాన్ని ఇంతకంటే బలంగా కాదనే ఉదాహరణ నాకు కనిపించలేదు.

మిగిలిన కొన్ని మాటలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ‘ఎక్సోడస్’ ఒక్క మనిషికి చెల్లదు. గ్రీకులో ‘వెలుపలికి దారి’ అనే అర్థమున్న ఆ మాటకు జనసమూహం కావాలి. బైబిల్‌లో ఆ పేరున్న గ్రంథాన్ని తెలుగులో ‘నిర్గమకాండము’ అన్నారు. చాలా చక్కని అనువాదం అది. ‘ఎవాక్యుయేషన్’ చూపు మనుషుల మీద కంటే స్థలం మీద ఎక్కువ, ఎందుకంటే దాని మూలం ఖాళీ చేయడం. ‘డెజర్షన్’ అనగానే తప్పు మోపినట్టే. కాపలా ఉండవలసినవాడు, తోడు ఉండవలసినవాడు వెళ్ళిపోతేనే ఆ మాట వస్తుంది. ‘ఫ్లైట్’ మళ్ళీ రెండు మాటలు. ఒకటి ఎగరడం నుంచి, మరొకటి పారిపోవడం నుంచి వచ్చాయి. ‘ఎస్కేప్’ పుట్టుక ఒక బొమ్మలా కళ్ళముందు నిలుస్తుంది: పట్టుకోబోయినవాడి చేతిలో పైవస్త్రం వదిలేసి తప్పించుకోవడం. ‘ఫేర్‌వెల్’ అసలు వెళ్ళడమే కాదు, వెళ్ళేవారితో అనే మాట; ప్రయాణం బాగా సాగాలని దాని అర్థం. అందులోని ‘ఫేర్’, మనం బస్సులో చెల్లించే ‘ఫేర్’ ఒకే వేరు నుంచి వచ్చాయి.

మరణం దగ్గర మాత్రం తొందరపడకూడదు. ‘ది డిపార్టెడ్’ అంటే మరణించినవారు; ఈ వాడుక ఇంగ్లీషులో పాతది, గౌరవప్రదమైనది, ఇప్పటికీ బతికి ఉన్నది. ఈ భరోసాతోనే చాలా ఏళ్ళ క్రితం, తండ్రిని పోగొట్టుకున్న ఒక సహోద్యోగికి ఇంగ్లీషులో రాసిన ఉత్తరంలో ఆయన ‘డిపార్చర్’ గురించి విని బాధపడ్డానని రాశాను. పంపిన తరువాత మళ్ళీ చదువుకుంటే, ఆ వాక్యం ఒక అధికారి బదిలీ గురించి రాసినట్టుగా ఉంది. ఆ క్రియారూపానికి ఉన్న ఆర్ద్రత నామవాచకానికి నేటి వాడుకలో లేదు. సమయపట్టికలు, ప్రకటనలు దానిని తమ వైపు లాక్కున్నాయి. సంతాపానికి ‘పాసింగ్’ మెత్తగా ఉంటుంది, ‘డెత్’ నిజాయితీగా ఉంటుంది. ‘డిమైజ్’ పత్రికలకు సరిపోతుంది గాని, అది మొదట ఆస్తి, అధికారం మరొకరికి బదలాయింపు కావడాన్ని చెప్పిన న్యాయపరిభాష. కన్నీళ్ళ దగ్గర దాని పని లేదు. తెలుగులో ‘నిర్యాణం’ ఇందుకు ఎదురు దారిలో నడిచింది. అక్షరాలా చూస్తే అది వెలుపలికి సాగడం మాత్రమే, ‘ప్రయాణం’తో పాటు ‘యానం’ నుంచే పుట్టింది. అయినా నేడు ఎవరూ రైలు నిర్యాణం అనరు. ఒక భాషలో మృత్యువు నుంచి సమయపట్టికకు జరిగిన మాట, మరో భాషలో ప్రయాణం నుంచి మృత్యువుకు జరిగింది.

ఇక నన్ను మొదట తడబాటుకు గురిచేసిన రెండో అర్థాన్ని మళ్ళీ చూద్దాం. వాతావరణ నివేదికల్లో వర్షపాతం, ఉష్ణోగ్రత మామూలు స్థాయికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకెను డిపార్చర్ అంటారు. నౌకాయానంలో ఓడ తూర్పు పడమరలుగా జరిగిన దూరాన్ని డిపార్చర్ అంటారు; తీరం కనుమరుగయ్యే ముందు, స్థానం ఖచ్చితంగా తెలిసిన ఒక గుర్తును ఆధారంగా తీసుకుని లెక్క మొదలుపెట్టడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. భూమి కొలిచే సర్వేయర్లకు ఇది మరీ నిత్యవ్యవహారం. ఉత్తర దిక్కు నుంచి తూర్పుకు 30 డిగ్రీలు ఒరిగి సాగే 100 మీటర్ల గీత ఉంటే, అది తూర్పుకు జరిగిన 50 మీటర్లే దాని డిపార్చర్. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేలా చుట్టూ కొలిచినప్పుడు, తూర్పు డిపార్చర్లను కూడికగా, పడమటి డిపార్చర్లను తీసివేతగా లెక్కిస్తే మొత్తం సున్నా కావాలి. కాకపోతే కొలతలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టు. ఈ లెక్క మొదటిసారి అర్థమైనప్పుడు నాకు ఆ మాట పట్ల గౌరవం పెరిగింది. ఇందులో వెళ్ళిపోవడం లేదు, వీడ్కోలు లేదు. ఒక నిలువు గీత నుంచి ఎంత పక్కకు వేరుపడ్డామన్నది మాత్రమే ఉంది, ఫ్రెంచివారు ఆ క్రియకు మొదట ఇచ్చిన అర్థం లాగానే.

ఈ అర్థానికి తెలుగులో ‘విచలనం’ అనే మాట ఉంది. గణితంలో అది బాగానే పనిచేస్తుంది. విధానాల గురించి, కళల గురించి, అలవాట్ల గురించి రాసేటప్పుడు మాత్రం నామవాచకానికి నామవాచకమే వెతకడం మానుకోవాలని నా అనుభవం. ఇంగ్లీషు వాక్యం నామవాచకం మీద నిలబడుతుంది, తెలుగు వాక్యం క్రియ మీద నడుస్తుంది. ‘ఇది పాతదాని నుంచి ఒక డిపార్చర్’ అనే చోట ‘ఇది పాత బాట వీడింది’ అంటే మాట కుదురుకుంటుంది. సందర్భాన్ని బట్టి ‘భిన్నంగా సాగింది’ అనీ, ‘ఆనవాయితీని దాటింది’ అనీ అనవచ్చు. ‘పాయింట్ ఆఫ్ డిపార్చర్’ను చర్చల్లో ‘నిష్క్రమణ బిందువు’ అని రాయడం చూశాను. ‘ఇక్కడి నుంచి మొదలుపెడదాం’ అంటే చాలు.

పెన్సిలు గీతతో తిరిగి వచ్చిన ఆ కాగితం మీద నేను చివరికి రాసిన వాక్యం ఇది: ‘కొత్త విధానం ఇంతవరకూ నడిచిన పద్ధతిని స్పష్టంగా వీడింది.’ పెద్దాయన ఈసారి ఏమీ రాయకుండా, మూలలో చిన్న టిక్కు పెట్టి ముద్రణకు పంపారు.